దవడ దగ్గర టక్‌మంటోందా?

చెవి ముందు వేళ్లు ఆనించి నోరు మెల్లగా తెరిచి మూయండి, వేళ్ల కింద కదిలేదే దవడ కీలు. లోపల ఎముకల మధ్య మెత్తటి డిస్క్ ఉంటుంది, అది ముందుకు జారిపోయి, నోరు తెరిచేటప్పుడు మళ్లీ చోటికి రావడం వల్లే చాలాసార్లు ఆ టక్‌మనే శబ్దం. నొప్పి లేకపోతే భయం లేదు. నొప్పి ఉంటే కొన్నాళ్లు జంతికలు, చెరకు, చూయింగ్ గమ్ మానేసి పప్పన్నం, పెరుగన్నం లాంటి మెత్తటివి తినండి, ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి, కాపడం పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, టెన్షన్‌లో పళ్లు బిగపడుతున్నారేమో చూసుకోవడం: పెదవులు కలిసి ఉన్నా పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు. నోరు పట్టేసి తెరుచుకోకపోయినా, మూసుకోకపోయినా వెంటనే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. వెళ్లగానే పళ్లు అరగదీద్దాం, ఆపరేషన్ చేద్దాం అంటే మాత్రం ఒప్పుకునే ముందు ఇంకో డాక్టర్‌ని తప్పకుండా అడగండి.