తారీఖు గుర్తు లేకపోతే సద్దుల బతుకమ్మ నుంచి లెక్కేయండి

అంగన్‌వాడీ టీచర్‌గా చేసినన్నాళ్లూ పిల్లల బరువు తూయించే వంకతో వచ్చి, "టీచరమ్మా, ఎవరికీ చెప్పకు" అని మొదలుపెట్టిన ఆడపిల్లలు చాలామంది. రిటైరయ్యాక కూడా వస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

మొగుడు కొడుతుంటే 112. కొట్టాక ఏం చేయాలో తెలియకపోతే 181, రాత్రయినా పలుకుతారు. మాట్లాడాక ఆ నంబరు కాల్ లిస్టులోంచి తీసేయండి. పెళ్లాం ఫోన్ చూడని మొగుడు నాకింతవరకు తగల్లేదు.

తలదాచుకోవాలంటే జిల్లాలో సఖి సెంటర్, హింస పడే ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపేది. మామూలుగా ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, ఆస్పత్రి, పోలీసు, వకీలు పనులు అక్కడినుంచే చూస్తారు. కొడుకుని వెంట తీసుకెళ్తుంటే వాడి వయసు ముందే చెప్పండి, మగపిల్లలకు పరిమితి ఉంది.

ఒకసారి ఒక స్టేషన్లో మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టి, "పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అని పంపేశారు. 2005 గృహహింస చట్టం కింద కేసుకు అసలు స్టేషన్ గడప తొక్కక్కర్లేదని నాకప్పుడు తెలియదు. ఈ చట్టం కోసం ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర డీఐఆర్, అంటే ఎప్పుడేం జరిగిందో రాసే రిపోర్టు, రాయించుకుని మేజిస్ట్రేట్ కోర్టులో వేయొచ్చు. పుట్టింటికి వచ్చేస్తే ఆ ఊరి కోర్టులోనే వేయొచ్చు. కొట్టకూడదని, ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని, ఖర్చులకు డబ్బివ్వాలని ఆర్డరు అడగొచ్చు. "కేసు పెడితే ఆయన జైలుకు పోతడు" అని భయపడతారు. ఈ కేసు వేసినంత మాత్రాన పోడు. కొట్టొద్దన్న ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. వకీలుకు డబ్బుల్లేవా? 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ పెడుతుంది. ఆడవాళ్లకు ఆదాయం లెక్క చూడరు.

అందరూ తడబడేది డీఐఆర్ దగ్గరే. "ఎప్పుడు కొట్టాడు?" అంటే "రోజూ కొడతడు" అంటారు. నిజమే, కానీ కాగితానికి తారీఖు కావాలి. మొన్న ఒకమ్మాయిని అడిగా, సద్దుల బతుకమ్మకు ముందా, తర్వాతా అని. "సద్దుల నాడే. గునుగు పూలు పేరుస్తున్న, తాంబాలం తన్నిండు." క్యాలెండర్ తీసి తారీఖు రాసేశాం. ఇంకో దెబ్బ గ్యాస్ బండ వచ్చిన పొద్దున, ఆ మెసేజ్ ఫోన్లో ఇంకా ఉంది. సంఘం మీటింగులు, పిల్లాడి టీకా కార్డు, అన్నీ పనికొస్తాయి. డాక్టరు దగ్గర మాత్రం "బాత్రూంలో జారిపడ్డా" అనకండి. ఓపీ చీటీ మీద అదే ఎక్కుతుంది, తర్వాత దాన్నే మీ ముందు పెడతారు.

ఆధార్, పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఒక పెళ్లి ఫొటో ఒక కవర్లో పెట్టండి. బియ్యం డబ్బాలో దాచొద్దు, అత్త చెయ్యి ముందు పడేది అందులోనే. నమ్మకమున్న పక్కింట్లో ఇవ్వండి. నా బీరువాలో ఇప్పుడు అలాంటివి మూడున్నాయి.