ప్రయాణికులకు వాతావరణ పాఠాలు – 4: తేదీ ఏ గంటకు మారుతుంది?

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. కోస్తాంధ్రకు వాతావరణ శాఖ వాన హెచ్చరిక రంగు అక్టోబరు 11న ఆరెంజ్ (సిద్ధంగా ఉండాలి), 12న ఎల్లో (గమనిస్తూ ఉండాలి). 12 తెల్లవారుజామున 4 గంటలకు విజయవాడలో కారెక్కి వైజాగ్ బయల్దేరవచ్చా అని అడిగాను. జవాబు రాసినవాళ్లలో ఎక్కువమంది "ఎల్లోనే కదా, వెళ్లొచ్చు" అన్నారు. కొందరైతే "11 గండం గడిచాక వెళ్తున్నాం కాబట్టి ఎంత పెందలాడే బయల్దేరితే అంత మంచిది" అని కారణం కూడా జోడించారు. జవాబు తప్పు. అందులో సగం తప్పు నాది. రంగుల గురించి అంత రాసి, ఆ రంగు ఏ గంట నుంచి ఏ గంట దాకానో చెప్పలేదు. నాకు అలవాటైపోయిన సంగతి గనక మీకూ తెలుసనుకున్నాను.

ఈసారి ఉపగ్రహ చిత్రాలు చూడటం నేర్పుతానన్నాను. అది తర్వాత చూద్దాం. ముందు ఈ ముడి విప్పాలి.

భారత వాతావరణ శాఖ లెక్కలో రోజు అర్ధరాత్రి మొదలుకాదు. ఉదయం 8:30కి మొదలై మర్నాడు ఉదయం 8:30కి ముగుస్తుంది. జాతీయ బులెటిన్ అడుగున చిన్న అక్షరాల్లో ఈ మాట ఉంటుంది. టీవీ స్క్రోలింగ్‌కి వచ్చేసరికి ఆ అడుగు లైను ఎగిరిపోయి "11న భారీ వర్షాలు" ఒక్కటే మిగులుతుంది. నాకు చిరాకు పుట్టించేది ఇదే. ఎరుపు రంగు అంటే 'రెడ్ అలర్ట్' కాదు, చర్య తీసుకోమని అర్థం అని కూడా అక్కడే రాసి ఉంటుంది. దాన్నీ ఎవరూ చదవరు.

మన లెక్కకు వద్దాం. 12 తెల్లవారుజామున 4 గంటలంటే బులెటిన్ ప్రకారం ఇంకా 11. మీరు అన్నవరం దరిదాపులకు చేరేదాకా ఆరెంజ్‌లోనే, అందులో మొదటి గంటన్నర చీకట్లో నడుపుతారు. అదే 8:30 దాటాక బయల్దేరితే దారంతా ఎల్లో. ఆరెంజ్ అంటే వెళ్లొద్దని కాదు, సిద్ధపడి వెళ్లమని. కానీ మీరు సిద్ధపడలేదు, గండం గడిచిందనుకుని బయల్దేరారు.

రాత్రి రైలు సంగతి ఇంకా తమాషా. 11 సాయంత్రం సికింద్రాబాద్‌లో ఎక్కి 12 ఉదయం 7 గంటలకు విశాఖలో దిగేవాళ్ల ప్రయాణం మొత్తం 11 కిందికే వస్తుంది. వాళ్లకు 12 రంగుతో పనే లేదు. 12 ఉదయం 7 గంటల బస్సుకు మొదటి గంటన్నర 11, మిగతాది 12. పదిన్నర విమానానికి 12 రంగే చూడాలి, కానీ విమానాశ్రయానికి తెల్లారుతూనే బయల్దేరితే ఆ రోడ్డు 11 లోది. నీళ్లు నిలిచేది ఎక్కువగా ఆ రోడ్డు మీదే.

కురిసిన వాన లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. ఉదయం 8:30కి కొలిచి, ఆ కొలిచిన తేదీ కింద రాస్తారు. 2021 అక్టోబరు 19న ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లో 340.8 మి.మీ., పంత్‌నగర్‌లో 403.2 మి.మీ. నమోదైంది. 24 గంటల్లో 204.5 మి.మీ. చేరితేనే 'అత్యంత భారీ' అంటారు, కాబట్టి ఇదెంతో మీరే చూసుకోండి. ఆ నీళ్లు పడింది 18 ఉదయం 8:30 తర్వాత. పట్టిక చూసి "18న బాగానే ఉందట" అనుకుంటే బోర్లా పడ్డట్టే. ముందస్తు అంచనాలో తేదీ నుంచి ముందుకు, నమోదైన వానలో తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నేను డైరీలో తేదీ పక్కన చిన్న బాణం గుర్తు వేసుకుంటాను.

ఈ ఉదాహరణే తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది. అప్పటికే ఉత్తరాఖండ్ నుంచి నైరుతి రుతుపవనాలు వెళ్లిపోయాయి. సాధారణంగా అవి సెప్టెంబరు 17 ప్రాంతంలో పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లడం మొదలుపెట్టి, అక్టోబరు 15కల్లా దేశమంతా ఖాళీ చేస్తాయి. వరసగా 5 రోజులు వాన లేకపోవడం, గాలిలో తేమ బాగా తగ్గడం లాంటివి చూసి శాఖ ఆ మాట ప్రకటిస్తుంది. రుతుపవనాలు పోయాయంటే ఇక వాన రాదని కాదు. దసరా సెలవుల్లో జైసల్మేర్ వెళ్లేవాళ్లకు టెన్షన్ లేదు. చార్‌ధామ్ వెళ్లేవాళ్లు మాత్రం పశ్చిమ అవాంతరం (వెస్టర్న్ డిస్టర్బెన్స్ – పడమటి నుంచి వచ్చి హిమాలయాల్లో వాన, మంచు కురిపించే వ్యవస్థ) అన్న మాట కనబడితే ఆగి చదవాలి.

మన తూర్పు తీరానికి అక్టోబరు మరీ నమ్మరాని నెల. తుఫాన్లలో ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ సరిగ్గా ఏడాది తర్వాత అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ ఇంకాస్త ముందే, 2021 సెప్టెంబరు 26న. తీరం దాటింది, హమ్మయ్య అనుకోకండి. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రికి హైదరాబాద్‌ను ముంచింది.

ఇంకొక్క మాట. మీరు చూడాల్సింది దిగే ఊరి రంగే కాదు, మధ్యలో దాటే జిల్లాల రంగు కూడా. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. అది ఢిల్లీ–చెన్నై రైలు దారి. అక్కడ తెగితే ఢిల్లీలో ఎండ కాస్తున్నా చెన్నై రైలు కదలదు. పాపికొండల బోటైతే ఆకాశం చూడటం దండగ. భద్రాచలంలో గోదావరి మట్టం చూడండి, 43 అడుగులకు మొదటి హెచ్చరిక. ఆ నీళ్లు చాలావరకు ఎగువ రాష్ట్రాల వానవి.

నా పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి. ఫోన్లో మబ్బు బొమ్మలు నేను చూడను. మధ్యాహ్నం వచ్చే బులెటిన్ ఒక్కటి చదువుతాను, బయల్దేరే ముందు, రాబోయే మూడు గంటలకు ఇచ్చే తక్షణ హెచ్చరిక (నౌకాస్ట్) చూస్తాను. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే రాత్రి బస్సు ఎక్కను. ఘాట్ రోడ్డు పగలే.

అభ్యాసం. సెప్టెంబరు 30 రాత్రి 10 గంటలకు హైదరాబాద్‌లో రైలెక్కారు. అక్టోబరు 2 ఉదయం 7 గంటలకు హరిద్వార్‌లో దిగారు. 8 గంటలకు జీపులో కొండ ఎక్కడం మొదలుపెట్టారు, సాయంత్రం దాకా ప్రయాణం. ఎన్ని బులెటిన్ తేదీలు చూడాలి? ఏ తేదీకి ఏ రాష్ట్రాల రంగు? జీపులో మొదటి అరగంట ఏ తేదీది? ఇది కాగితం మీద తేలాక, మీరు తరచూ వెళ్లే దారి ఒకటి తీసుకుని పది రోజులపాటు రోజూ మధ్యాహ్నం అంచనా, మర్నాడు నమోదైన వాన పక్కపక్కన రాయండి. ఒక్క రోజు మానినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తేదీల పక్కన బాణాలు లేని పట్టిక పంపితే నేను దిద్దను.