మనిషి మానేసినా పని తెలివి హోటల్‌లోనే ఉండాలంటే ఏం చేయాలి?

అరకులో ఇరవై గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. 107 నంబర్ గదిలో గీజర్, కెటిల్ ఒకేసారి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుందని రిసెప్షన్‌లో ఒక్కరికే తెలుసు. డిసెంబర్‌లో, సరిగ్గా సీజన్ నడుస్తుండగా, ఆయన మానేశారు. తెల్లవారుజామున చలిలో వేడినీళ్లు రాక అతిథి ఫోన్ చేస్తే, కొత్త కుర్రాడికి ఏం చేయాలో తోచదు. ఇలాంటివి ఏ హోటల్‌లోనైనా వందల్లో ఉంటాయి.

1. డ్యూటీ మారే రిజిస్టర్‌తో మొదలుపెట్టండి. గది నంబర్, విషయం, ఏం చేశాం, ఇంకా ఏం మిగిలింది, అది ఎవరు ఎన్ని గంటలకల్లా చేయాలి, సంతకం: ఈ ఆరు గడులు చాలు. డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు 15 నిమిషాలు కలిసి నిలబడి చదవాలి. "అంతా ఓకే" అని రాస్తే ఒప్పుకోవద్దు. ఎంట్రీ ఇలా ఉండాలి: "203 వాళ్లకి ఉదయం 4కి టీ, కిచెన్‌కి చెప్పాం. కారు ఖరారు కాలేదు, నైట్ డ్యూటీ వాళ్లు 10 లోపు డ్రైవర్‌కి ఫోన్ చేయాలి."

వాట్సాప్ గ్రూప్ దీనికి బదులు కాదు. అక్కడ పెట్టిన మాట సాయంత్రానికి గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పడిపోతుంది.

2. రెండోసారి వచ్చిన సమస్యను రిజిస్టర్‌లోంచి తీసి ఒక పేజీ కాగితం మీద రాయండి. దాన్ని పని జరిగే చోటే అతికించండి: గీజర్ సంగతి ఎంసీబీ బోర్డు పక్కన, దుప్పట్ల లెక్క లినెన్ గదిలో. చేయాల్సిన పని ఎనిమిది మెట్లకు (స్టెప్పులకు) మించొద్దు. ఇంగ్లీషులో రాసిన లావుపాటి మాన్యువల్ మేనేజర్ బీరువాలోనే ఉండిపోతుంది. గదులు సర్దేవాళ్లకు తెలుగు, ఫొటోలు కావాలి.

3. అతిథులు రోజూ అడిగేవాటికి ఒక ఫైలు పెట్టండి. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో వచ్చేవాళ్లు బొర్రా గుహల స్టేషన్‌లోనే దిగి, గుహలు చూసుకుని రోడ్డు మీద రావచ్చా అని అడుగుతారు. జవాబుతో పాటు ఆటో, జీపు ఛార్జీలు కూడా రాయండి. ప్రతి జవాబు కింద కనుక్కున్న తేదీ, కనుక్కున్నవాళ్ల పేరు తప్పనిసరి. తేదీ లేని టైమింగ్‌ని నమ్మి పంపితే, అతిథి మూసిన గేటు చూసి తిరిగొస్తారు.

4. అతిథి గురించి సేవకు పనికొచ్చేదే రాయండి: మోకాళ్ల నొప్పి, కింది అంతస్తు కావాలి, ఉల్లి, వెల్లుల్లి తినరు. వాళ్ల స్వభావం మీద వ్యాఖ్యలొద్దు. ఆధార్ ఫొటోలు స్టాఫ్ ఫోన్లలో తిరగకూడదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి కాబట్టి, ఆ పని కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

5. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువమంది వదిలేసేది: వెళ్లిపోయేవాళ్ల దగ్గర నేర్చుకోవడం. "నీకు తెలిసిందంతా రాసివ్వు" అంటే నాలుగు ముక్కలు రాసిస్తారు. అది వాళ్ల తప్పు కాదు. రోజూ చేసే పనిలో తమకేం తెలుసో ఎవరికైనా చెప్పడం కష్టం. "పోయిన వారం నీకు ఎవరెవరు ఫోన్ చేశారు, ఏం అడిగారు?" అని అడగండి. తర్వాత మూడు రోజులు కొత్తవాళ్ల చేత పని చేయించి, పాతవాళ్లను పక్కన నిలబెట్టండి. కొత్త మనిషి ఎక్కడ ఆగి పక్కకు చూస్తే, అక్కడ ఒక కాగితం రాయాలని అర్థం. బట్టలుతికే ఆయన, కూరగాయలాయన, జనరేటర్ మెకానిక్ నంబర్లు కూడా అప్పుడే హోటల్ ఫోన్‌లోకి ఎక్కించండి.

6. ఏటా అక్టోబర్‌లో కాగితాలన్నీ తీసి, ఆ పని ఎప్పుడూ చేయని మనిషికి ఇచ్చి చేయించండి. అతను తడబడిన మెట్టును అక్కడికక్కడే తిరగరాసి, పాత కాగితం చించేయండి. రెండూ గోడ మీద ఉంటే పాతదాన్నే పాటిస్తారు.