మూడు నిమిషాల సాక్ష్యం సిద్ధం చేసుకోవడం ఎలా?

సాక్ష్యం అంటే యేసు ప్రభువు మీకేం చేశాడో మీ మాటల్లో చెప్పడం. ఎవరైనా అడిగితే దాన్ని మూడు నిమిషాల్లో చెప్పగలగాలి. దానికి మంచి నమూనా బైబిల్లోని అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం. అగ్రిప్ప రాజు ముందు పౌలు తన పాత బ్రతుకు (4-11 వచనాలు), దమస్కు దారిలో యేసు ఎదురుపడటం (12-18), ఆ తర్వాతి విధేయత (19-23) వరసగా చెబుతాడు.

ముందు కాగితం మీద రాయండి. పాత జీవితానికి నాలుగైదు వాక్యాలు చాలు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు: పాపాల చిట్టా విప్పుతూ పోతే క్రీస్తు దగ్గరికొచ్చేసరికి సమయం అయిపోతుంది. సగం సమయం ఆయనకే ఉంచండి. "నా జీవితం మారింది" అంటే వినేవారికి ఏమీ కనబడదు. "అన్నయ్యతో ఆరేళ్లుగా మాటల్లేవు, ఆ వారమే ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను" అంటే కనబడుతుంది. జరిగిందే చెప్పండి, గోరంత కూడా పెంచొద్దు.

'రక్షణ', 'అభిషేకం', 'భారం' లాంటి మాటలు సంఘంలో పెరగనివారికి వేరే అర్థాలిస్తాయి. విడమరచి చెప్పండి.

తర్వాత గడియారం చూసుకుంటూ మూడుసార్లు పైకి చెప్పండి. చదవకండి, చెప్పండి. 1 పేతురు 3:15 "సాత్వికముతోను భయముతోను" జవాబివ్వమంటుంది, కాబట్టి ఎదుటివారి నమ్మకాన్ని కించపరిచే మాట ఒక్కటున్నా కొట్టేయండి. చెప్పడం అయ్యాక ఆగి, వాళ్ల మాట వినండి.