సూర్య ఎలుగుబంటి (సన్ బేర్) కోసం కెమెరా బిగించే ముందు

అటవీ శాఖ రాతపూర్వక అనుమతి చేతికి వచ్చాకే కదలండి. ఒంటరిగా వద్దు.

చెట్టుకు కట్టే ఈ కెమెరా ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీస్తుంది. అందులో తేదీ, సమయం సరిచూడండి. గడియారం తప్పితే ఎలుగు ఏ వేళ తిరుగుతుందో తెలియదు, శ్రమంతా దండగ.

ఈ ఎలుగు ఉండే ఆగ్నేయాసియా వానాడవుల్లో తేమే అసలు శత్రువు. కెమెరా మూత రబ్బరు అంచున ఇసుక రేణువు ఇరుక్కున్నా నీరు దిగుతుంది. అంచును తుడిచి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టి మూయండి. చీమలు పట్టిన చెట్టు వద్దు.

ఈ జంతువుకు కుతూహలం జాస్తి. కెమెరాను కొరుకుతుంది, పీకుతుంది. ఇనుప పెట్టె, తాళం తప్పనిసరి.

ఛాతీ మీది పసుపు మచ్చ ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, గుర్తుపట్టేది దానితోనే. పక్క నుంచి తీస్తే అది సరిగా పడదు. అందుకే లెన్స్ ఎలుగు ఎదురు వచ్చే వైపు ఉండాలి.

ముందున్న ఊగే ఆకులు తుంచేయండి. లేకపోతే మెమరీ కార్డు నిండా ఆకుల ఫొటోలే!

పిల్లలతో తల్లి కనిపిస్తే మారుమాట లేకుండా వెనుదిరగండి.