ఉన్నట్టుండి చచ్చిన పశువును కోయకండి
రాయగడ, కొరాపుట్ వైపు పశువులు, మేకలు మేపుకునే మనవాళ్లకు ఒక్క మాట. నిన్నటిదాకా బాగా మేసిన జీవం ఉన్నట్టుండి చచ్చిపోయి, ముక్కులోంచో వెనకనుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే అది దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్ కావచ్చు. కోయకండి, తోలు తీయకండి, కూర పంచుకోకండి. కోస్తే లోపలి బ్యాక్టీరియాకు గాలి తగిలి గట్టి బీజాలవుతాయి. అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, ఉడికించినా చస్తాయన్న నమ్మకం లేదు. పేదింట్లో అంత మాంసం వదులుకోవడం ఎంత కష్టమో తెలుసు, అయినా వదిలేయండి. 1962కి ఫోన్ చేసి పశువుల డాక్టరును పిలవండి, ఆయన చెప్పినట్టు లోతుగా పూడ్చండి. ముట్టుకున్నవాళ్లకు నొప్పిలేని నల్లపెచ్చు పుండు లేస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, మందులున్నాయి. మిగతా మందకు ఏటా వానలకు ముందే టీకా వేయించండి.