టెర్మినల్‌లో రంగుల అక్షరాలను ముద్రించే విధానం

ప్రోగ్రాము ముద్రించే అక్షరాలు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలను టైపు చేసే అక్షరాల తెరపై, రంగులో కనిపించాలంటే, వాటికి ముందు ఒక ఎస్కేప్ సంకేతాన్ని పంపాలి. ఆస్కీ (అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టిక) విలువ 27 గల ఎస్కేప్ అక్షరం, దాని వెంటనే ఎడమవైపు చదరపు బ్రాకెట్, తరువాత రంగు సంఖ్య, చివర ఇంగ్లీషు చిన్న అక్షరం ఎమ్: ఇదీ ఆ సంకేతపు వరుస. 30 నుంచి 37 వరకు అక్షరాల రంగులు కాగా, 40 నుంచి 47 వరకు వెనుక రంగులు. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ. 34తో వచ్చే నీలం నల్లని తెరపై చాలాసార్లు చదవడానికి వీలుకానంత మసకగా ఉంటుంది కాబట్టి దాన్ని వాడకపోవడమే మేలు.

పని ముగియగానే సంఖ్య స్థానంలో 0 ఉంచి అదే సంకేతాన్ని మళ్లీ పంపకపోతే, ఆ తరువాత వచ్చే వరుసలు కూడా అదే రంగులో కొనసాగుతాయి. అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించినప్పుడు ఈ సంకేతాలు అందులో చెత్తలా చేరతాయి గనుక, అది నిజంగా టెర్మినల్‌కే వెళుతోందో లేదో ముందుగా పరీక్షించి, ఆ తరువాతే రంగులు వేయాలి.